చేబదులు

మార్చి నెల. ఓటానియెమిలో రాత్రి మూడు దాటింది.
మంచు కిటికీకి మొహం ఆనించి చూస్తోంది.
హిల్కా గాజు పాత్రలోంచి నమూనా తీస్తోంది.
పింఛనుకింక నాలుగు నెలలు.
బుగ్గన జైలిటాల్ చూయింగ్ గమ్.

పాత్రలో ఉన్నది ఈస్టు.
దాని తిండి, బిర్చి చెక్క ఉడికించి పిండిన చక్కెర
(మన పూర్వులు భూర్జపత్రాలన్నది ఆ చెట్టు బెరడునే).
పుట్టుకతో ఈస్టుకి ఆ చక్కెర సయించదు.
వేరే శిలీంధ్రం ఇంటినుంచి రెండు ఎంజైములు తెచ్చి
దీని కడుపులో కాపురం పెట్టించారు.
మొదటిది చక్కెరకి హైడ్రోజన్ తగిలిస్తుంది,
రెండోది దాన్ని ఊడదీస్తుంది.
కాగితం మీద ఎంత సుఖమైన సంసారం!

పదకొండు నెలలుగా ఆతోస్ జుట్టు పీక్కుంటున్నాడు.
ప్లాస్టిక్కుకి పనికొచ్చే లాక్టిక్ ఆమ్లం అడిగితే
ఈస్టు సగం దారిలో నిలబడి
పాత్రనిండా జైలిటాల్ కక్కుతోంది.
"పోనీలే, పళ్ళకి మంచిది,"
నములుతూనే అంది హిల్కా.

ఎంజైముకి ఒంటిచేత్తో పని జరగదు.
హైడ్రోజన్ మోసుకొచ్చే చిన్న అణువొకటి కావాలి.
ఇచ్చి, ఒట్టి చేతులతో వెళ్ళి,
ఎక్కడో నింపుకుని మళ్ళీ వచ్చేది.
పల్లీల్లో దొరికే బీ విటమిన్ ముక్కే దాని అరచెయ్యి.
వడ్డీ లేదు, పత్రం లేదు,
ఉత్త చేబదులు.
పాఠ్యపుస్తకంలో దానికి దక్కిన చోటు
పెద్ద బాణం పక్కన వంకర గీత, చిన్నక్షరాలు.

హిల్కా తల్లి తూర్కు ట్రాముల్లో కండక్టరు.
నడుముకి తోలు సంచి, వేళ్ళకి చిల్లర వాసన.
అరవై మూడులో దేశం డబ్బు మార్చింది,
వంద పాత మార్కులకి ఒక్క కొత్త మార్కు.
ఆ చలికాలమంతా సంచిలో రెండు అరలు.
ఒకటి పొంగిపొర్లుతుంటే రెండోది అడుగంటేది.
"సంచి బరువుగానే ఉండేది," అనేదామె,
"ఇవ్వడానికి చిల్లరే ఉండేది కాదు."

ఆతోస్ బోర్డు మీద గీతలు గీసిన రోజు
హిల్కాకి ఆ సంచే కనబడింది.
మొదటి ఎంజైము ఎన్ఏడీపీహెచ్ దగ్గరే పుచ్చుకుంటుంది.
రెండోది ఊడదీసింది ఎన్ఏడీకి అప్పజెబుతుంది.
పేరులో ఒక్క "పీ" తేడా.
తోకకి అంటిన ఒక ఫాస్ఫేటు, అంతే.
ఇచ్చినవాడికి బాకీ తీరదు.
మోసేవాడికి దింపుకునే చోటు దొరకదు.
గాలి ఆడని పాత్రలో ఎవరు అందుకుంటారు ఆ బరువు?
అక్కడే ఆగిపోతోంది అడవంతా.

ఈసారి కొత్త జన్యువేమీ తేలేదు.
మొదటి ఎంజైము గుప్పిట్లో
ఒక లైసీన్ తీసి ఆర్జినీన్ పెట్టారు.
మునుపటంత చురుకు లేదు, నిజమే.
కానీ ఇప్పుడది ఫాస్ఫేటు లేని చేతిని కూడా పట్టుకుంటుంది.
రెండోది నింపిన సంచిని మొదటిది దులుపుతుంది,
మొదటిది దులిపిన సంచిని రెండోది నింపుతుంది,
ఊరంతా తిరిగి అదే షెడ్డుకి చేరే ట్రాములా
రాత్రంతా, ఎన్నిసార్లో లెక్కపెట్టే నాథుడు లేడు.

మూడూ ఇరవై. తెర మీద జైలిటాల్ శిఖరం
నిన్నటిదాంట్లో మూడో వంతుకి దిగింది.
పూర్తిగా పోలేదు.
ఆతోస్‌కి ఫోన్ చేద్దామా?
పడుకోనీ, పొద్దున్న ఎలాగూ "ఇంకా మిగిలిందేం" అంటాడు.

గమ్ చప్పబడింది. కాగితంలో చుట్టి పారేసింది.
పుస్తకంలో అంకె రాసింది.
ఎవరిదో పెన్ను, క్లిప్పు విరిగింది,
వారంనుంచి తన కోటు జేబులోనే ఉంది.
వెళ్ళి ఆ బల్ల మీద పెట్టేసింది.

రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, మళ్ళీ తీసుకుంది.
నాలుగింటికి ఇంకో నమూనా ఉంది.